భూలక్ష్మి టిఫిన్ డబ్బా, నర్సవ్వ ఒక్కపొద్దు

ఆ కబురు నాకు మొదట తెచ్చింది కోరుట్ల నుంచి గుడ్లు తెచ్చి వేసే ఖాదర్ భాయి. 2003వ సంవత్సరం, ఎండలు ఇంకా ముదరలేదు. సిరిసిల్లలో మగ్గాల షెడ్ల వెనుక సందులో మా ఇంటి ముందు గదిలోనే నా టిఫిన్ సెంటర్ ఉండేది. రెండు పొయ్యిలు, ఒక గ్రైండరు, గోడకు దేవుని పటాలు, అంతే. కూర్చుని తినేవాళ్లు తక్కువ. పొద్దున ఏడింటికి షిఫ్ట్ మారే లోపల షెడ్లకు డబ్బాలు వెళ్లిపోవాలి. అదే మా వ్యాపారం. వీటిని స్టాండింగ్ ఆర్డర్లు అనేవాళ్లం. అంటే రోజూ మళ్లీ చెప్పే పని లేకుండా, అదే టిఫిన్ అదే వేళకు అదే మనిషికి చేరడం.

ఖాదర్ భాయి గుడ్ల ట్రేలు దించి, తల గుడ్డతో మొఖం తుడుచుకొని అన్నాడు.

"అనసూయక్కా, ముచ్చట ఎరికేనా? భూలక్ష్మమ్మ బొంబాయికెల్లి అచ్చింది. కడుపు కోయించుకున్నదట."

"అయ్యో! ఏమైందట? గడ్డనా?"

"గడ్డ లేదు, గిడ్డ లేదు. మంచిగున్న కడుపునే కోయించుకున్నది, సన్నగ గావాల్నని. ఇప్పుడు గుడ్డంత కడుపు మిగిలిందట. గుడ్లమ్మేటోన్ని, నాకే సమజైతలేదు!"

నేను నవ్వలేదు. భూలక్ష్మి నాకు బాగా తెలుసు. మొగుడు పోయాక ఇరవై నాలుగు మరమగ్గాల షెడ్డును ఎనిమిదేళ్లుగా ఒక్కతే నడుపుతున్న మనిషి. నలభై ఏళ్లు దాటాయో లేదో, ఒళ్లు బరువెక్కి మోకాళ్లు పోయాయి. షుగరు పట్టుకుంది. పది అడుగులు వేస్తే ఆయాసం. అన్నింటికంటే ఆమెను బాధపెట్టింది ఇంకొకటి ఉంది. రెండు మగ్గాల నడుమ ఉండే సందులోకి ఆమె పోలేకపోయేది. లోపలి వరుసలో గుడ్డ ఎట్లా వస్తోందో చూడాలంటే ఇంకొకరు చెప్పింది నమ్మాలి. ఆ వరుసలో పనిచేసే వాళ్లకు ఆ సంగతి తెలుసు. బొంబాయి పక్కన భివండిలో ఉన్న ఆమె తమ్ముడే బొంబాయిలో డాక్టర్లతో మాట్లాడి ఆపరేషన్ చేయించాడు.

వారం తర్వాత భూలక్ష్మే మా ఇంటికి వచ్చింది. రిక్షా దిగి, గుమ్మం పట్టుకుని నిలబడింది. చేతిలో ఒక కాగితం.

"అక్కా, గిది సదివి నాకు పొద్దటి టిఫిన్ పంపియ్యాలె. షెడ్డుకే పంపు. ఇంట్ల కూసుంటె పని సాగది."

కాగితం ఇంగ్లీషులో ఉంది. నేను బడికి పోలేదు. మా నాయన ఇంట్లోనే పలక మీద అక్షరాలు దిద్దించాడు. తెలుగు తప్పుల్లేకుండా రాస్తాను, చదువుతాను. ఇంగ్లీషు రాదు. పక్కింటి పంతులు గారు చదివి చెప్పాడు. అందులో ఉన్న పేర్లలో గుడ్డు, పాలు తప్ప ఇంకేదీ సిరిసిల్ల అంగట్లో దొరికేది కాదు. ఒక పౌడరు డబ్బా పేరు కూడా ఉంది. దాన్ని పాలలో కలుపుకొని తాగాలట.

"పౌడరు మా తమ్ముడు రెండు డబ్బలు పంపిండక్కా," అంది భూలక్ష్మి. "తొవ్వల బస్సాపి పోలీసులు సంచులు దేవులాడిండ్రట. తెల్ల పౌడరు, పేరు ఇంగ్లీషుల ఉన్నది. తెచ్చేటోడు సక్కగ జెప్పలేకపాయె. పరీచ్చ జేత్తమని పట్కపోయిండ్రు. ఇగ అది రాదు."

అప్పటి రోజులు అట్లాంటివి. అడవిలో నక్సలైటు అన్నలు, రోడ్ల మీద పోలీసులు. బస్సులో మూత ఉన్న ప్రతి డబ్బా ఒక అనుమానమే. పది మందికి వండి పెట్టేవాళ్ల మీద మరీనూ. నన్నే రెండుసార్లు అడిగారు, ఇన్ని గుడ్లు ఎవరి కోసం ఉడకబెడుతున్నావని.

భూలక్ష్మి కుర్చీలో కూర్చుని తల మీద కొంగు తీసింది. దువ్వెనకు జుట్టు కుచ్చులు కుచ్చులుగా వస్తోందంది. ఏది తిన్నా నిలవడం లేదంది. ఇంట్లో వాళ్లు నీరసమని గంజి, గ్లూకోజు నీళ్లు, బ్రెడ్డు ఇస్తున్నారట. గ్లూకోజు తాగితే గుండె దడదడలాడి, ఒళ్లంతా చెమట పట్టి పడిపోతోందట.

వంట నా పని, వైద్యం కాదు. తెలియకుండా పొయ్యి వెలిగించకూడదని, ఆమెతో పాటు నేనూ జగిత్యాల డాక్టరు గారి దగ్గరికి వెళ్లాను. ఆయన బొంబాయి కాగితాలు చూసి, ఒక తెల్ల కాగితం మీద బొమ్మ గీసి చెప్పాడు. ఈ ఆపరేషన్‌ను గ్యాస్ట్రిక్ బైపాస్ అంటారు. కడుపు పైభాగంలో చిన్న సంచి మాత్రం ఉంచి, దాన్ని కింది పేగుకు కలుపుతారు. ఆ సంచిని పౌచ్ అంటారు. తీపి అందులో నిలవకుండా సర్రున పేగులోకి జారిపోతుంది. అప్పుడు వచ్చే దడ, చెమట పేరు డంపింగ్.

"అమ్మా, ఆమెకు ఒక పూటకు పట్టేది నాలుగైదు చెంచాలు," అన్నాడు డాక్టరు. "ఆ నాలుగు చెంచాల్లో గంజి పోస్తే ఇంక దేనికీ చోటు లేదు. ముందు ప్రోటీన్ పడాలి. గుడ్డు, పప్పు, పెరుగు, ఇవీ. అది లేకుంటే ఒళ్లు తన కండను తానే తింటుంది. రక్తంలో ఆల్బుమిన్ అని చూస్తాం, ప్రోటీన్ ఎంతుందో తెలుస్తుంది. ఈమెకు ఇప్పటికే తగ్గింది. నెల రోజులు చూద్దాం."

"తగ్గితె మంచిదే గద సారూ?" అంది భూలక్ష్మి, తగ్గడం అన్న మాట ఇన్నాళ్లూ మంచి మాటగా విని ఉండడం వల్ల.

"బరువు తగ్గాలి. ఇది పెరగాలి," అన్నాడాయన. "పెరగకపోతే మళ్లీ బొంబాయి పంపాల్సి వస్తుంది. ముక్కులో గొట్టం వేసి తిండి పెడతారు. దాంతోనూ కుదరకపోతే ఆపరేషన్ మార్చాల్సి రావచ్చు."

ఆ మాటతో భూలక్ష్మి ముఖం పాలిపోయింది. మొదటి కోతకే ఆమె ఎంత భయపడిందో తర్వాత తెలిసింది నాకు.

తిరిగి వచ్చిన మర్నాటి నుంచి, దీపం పెట్టుకుని, పొయ్యికి దండం పెట్టుకుని ఆమె డబ్బా మొదలుపెట్టాను. చదివే వాళ్లలో ఇట్లాంటి ఆపరేషన్ అయి ఉద్యోగానికి పోయేవాళ్లు ఉంటే పనికొస్తుందని, ఏం పెట్టానో రాస్తున్నాను. అన్నీ రాత్రి సగం పని చేసి పెట్టుకుంటే పొద్దున పది నిమిషాల్లో అయ్యేవే.

పెరుగును పల్చని గుడ్డలో మూటకట్టి రాత్రంతా వేలాడదీస్తే తెల్లవారేసరికి నీరు పోయి వెన్నలా గట్టిపడుతుంది. అందులో మెత్తగా దంచిన పుట్నాల పొడి, ఉప్పు, చిటికెడు జీలకర్ర పొడి. ఇదే ఆమెకు అన్నిటికంటే బాగా పడింది. ఇంకో రోజు గుడ్డు పొరటు. మామూలుగా మనం చేసేట్టు ఎర్రగా వేయించకుండా, సన్నని మంట మీద రెండు చెంచాల పాలు పోసి, ముద్దలా ఉండగానే దించేయాలి. పెసర్లు నానబెట్టి రుబ్బి, బియ్యం కలపకుండా అరచేతంత అట్టు, అందులో నిమ్మరసంతో విరగ్గొట్టి వడకట్టిన పాలముద్ద. శనగల గుడాలు, అంటే ఉడికించి పోపు పెట్టిన శనగలు. వీటికి మాత్రం పొట్టు తీసి, మెదిపి పంపాలి. పొట్టుతో పెడితే ఆ చిన్న సంచికి భారం. మీల్‌మేకర్‌ను వేయించి పొడి చేసి ఉంచుకుంటే, పప్పులోనో అట్టు పిండిలోనో ఒక చెంచా కలిపేయవచ్చు.

తినడానికి అరగంట ముందు, తిన్నాక అరగంట నీళ్లు తాగొద్దు. బువ్వ నడుమ నీళ్లు తాగే మన అలవాటుకు ఇదే కష్టం. చిన్న చెంచా, బాగా నమలడం, ఇరవై నిమిషాలు. పొద్దున కరెంటు కోత వేళకు మగ్గాలన్నీ ఆగిపోతాయి గనుక, ఆమె డబ్బా ఆ వేళకు షెడ్డులో ఉండేట్టు పంపేదాన్ని.

మొదటి రోజు నేనే తీసుకుపోయాను. దారిలో పికెట్ దగ్గర కానిస్టేబులు మూత తీయించాడు.

"గింత డబ్బలో ఏం వెట్టినవమ్మా?"

"పెరుగు సారూ. పుట్నాల పొడి."

"ఎవలికి? పసిపిల్లకా?"

"ఇరవై నాలుగు మగ్గాల ఆసామికి."

అతను నవ్వి మూత పెట్టేశాడు. షెడ్డులో మాత్రం అంత సులువుగా పోలేదు. భూలక్ష్మి డబ్బా తెరవగానే ఒక మగ్గం మనిషి మెడ చాచి చూశాడు. "గిదేందక్కా, పిట్టకు వెట్టినట్టు వెట్టిండ్రు? నా డబ్బలకెల్లి రొండు ముద్దలు వెడుత, తిను." భూలక్ష్మి "నా పిట్ట కడుపు నాకు సాలు, నువ్వు నీ మగ్గం జూస్కో" అని గదమాయించింది. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. మూలన కూర్చుని కండెలు చుట్టే ముసలామె, నర్సవ్వ, ఒక్కతే నవ్వకుండా ఆ పెరుగు వంక చూస్తూ ఉండిపోయింది. కండెలంటే మగ్గంలో అడ్డపోగు కోసం నూలు చుట్టే చిన్న గొట్టాలు. షెడ్డులో అన్నిటికంటే తక్కువ కూలి వచ్చే పని అది.

సోమవారం, గురువారం, శనివారం మాత్రం గుడ్డు వద్దంది భూలక్ష్మి. దేవుని రోజులు. నాకు సంతోషమే అయింది. నేను అసలు గుడ్డు తినను. ఆ మూడు రోజులూ శ్రద్ధగా పెరుగు, పెసర్లు, శనగలతో డబ్బా కట్టేదాన్ని.

డబ్బాలు రోజూ ఖాళీగా తిరిగి వచ్చేవి. మన దగ్గర ఒకరింటి గిన్నె ఎంగిలిగా పంపరు. తళతళ తోమి, ఉత్త డబ్బా పంపకూడదని లోపల గుప్పెడు పల్లీలో రెండు యాలకులో వేసి పంపేది భూలక్ష్మి. ఆ మర్యాద చూసి నేను మురిసిపోయేదాన్ని.

నెల తిరిగేసరికి జగిత్యాలలో పరీక్ష. ఆల్బుమిన్ పెరగలేదు. ఇంకా తగ్గింది.

డాక్టరు గారు ముందు నా వంక చూశాడు. "ఏం పెడుతున్నారమ్మా?" నేను చెప్పాను. ఆయన ఒక్కొక్కటే రాసుకుని, లెక్క వేసి, పెన్ను కింద పెట్టాడు. "ఇది నిజంగా తింటే ఇట్లా ఉండదు. ఏం భూలక్ష్మమ్మా, తింటున్నావా?"

"తింటున్న సారూ," అంది ఆమె తల వంచుకుని.

"పాదాలు వాస్తున్నాయి. ఇంకో నెల, అంతే. అప్పటికీ ఇట్లాగే ఉంటే బొంబాయి టికెట్ తీసుకోండి."

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. మల్యాల దాటి కొండగట్టు అంజన్న గుట్ట కనబడగానే చెప్పులు విడిచి కొండ వైపు దండం పెట్టింది. చాలాసేపు చేతులు దించలేదు. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"మళ్ల కోత్తరా అక్కా?"

"కొయ్యరు చెల్లె. దేవుడున్నడు."

అన్నాను గానీ, నా మనసు మనసులో లేదు. తప్పు నా వంటదే అనుకున్నాను. మర్నాటి నుంచి పుట్నాల పొడి ఎక్కువ చేశాను. పాలు చిక్కగా కాచాను. పప్పు రకం మార్చాను. కొలత చెంచాలు కొత్తవి కొన్నాను. పొయ్యి ముందు నిలబడి, "స్వామీ, నా చేతిలో ఏం దోషముందో చూపించు" అని రోజూ అడిగేదాన్ని. డబ్బా మాత్రం రోజూ అట్లాగే తళతళలాడుతూ, పల్లీలతో వచ్చేది.

పదిహేను రోజులకు బంద్ వచ్చింది. అన్నల పిలుపు. షట్టర్లు దిగాయి, బస్సులు లేవు, షెడ్లు మూతపడ్డాయి. సిరిసిల్లలో మగ్గాల చప్పుడు ఆగితే చెవులు మూసుకుపోయినట్టు ఉంటుంది. నేను డబ్బాలేవీ కట్టలేదు. భూలక్ష్మికి మాత్రం ఇంటికి ఎట్లా పంపాలా అని చూస్తుండగా నర్సవ్వ వచ్చింది. గోడ వెంట నడుస్తూ, కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని.

తిండి కోసం వచ్చిందనుకుని పీట వేశాను. కూర్చోలేదు.

"నీ కాడ తినేటందుకు రాలే బిడ్డా. తిన్నది జెప్ప అచ్చిన."

"ఏం తిన్నవవ్వా?"

"గా పుట్నాల పెరుగు. భూలచ్చిమికి పంపేది. నేనే తింటున్న."

నాకు మొదట అర్థం కాలేదు. దొంగతనంగానా అని అడగలేక, "ఎప్పుడన్నొకసారా?" అన్నాను.

"సోమారం, బేస్తారం, శనారం. మూడొద్దులు ఆమె ఒక్కపొద్దు గద. పొద్దుగాల ఏం ముట్టది. 'పారేత్తె పాపం, నర్సవ్వా నువ్వు తిను' అంటది. నేను తింటున్న. తిని, డబ్బ కడిగేది నేనే. పల్లీలేసేది ఆమె." ఆమె ముఖానికి అడ్డం పెట్టుకున్న కొంగు దించింది. "మొన్న గామె కాళ్లు వత్తిన బిడ్డా. వేలు వెడితె సొట్ట వడ్డది. నా కాళ్లు జూస్తె గట్టిగయినయి. నేను తినుడు, ఆమె ఉబ్బుడు. నిన్నటిసంది నాకు బువ్వ దిగుతలేదు. ఆమెకు జెప్పకు. నన్ను పనికెల్లి తీసేత్తదని గాదు, ఆమె మనసు కట్టపడ్తది."

ఒక్కపొద్దు అంటే తెలియనిది కాదు. దేవుని పేరు మీద పగలంతా ఏమీ తినకుండా ఉండి, పొద్దు గూకినాక ఒక్కపూట తినడం. మా అమ్మ ఉండేది, నేను ఉంటాను. ఆ వెంటనే ఇంకోటి గుర్తొచ్చింది. మొదటి వారంలోనే భూలక్ష్మి నన్ను అడిగింది. "అక్కా, ఆపరేషన్ బల్ల మీద పండవెట్టినప్పుడు మొక్కుకున్న. పానంతోని లేస్తె సోమారం రాజన్నకు, బేస్తారం సాయిబాబకు, శనారం అంజన్నకు ఏడాది ఒక్కపొద్దులుంటనని. ఉండచ్చా?" నేను వడపోస్తున్న పెరుగు మీద నుంచి కళ్లెత్తకుండానే జవాబిచ్చాను. "మొక్కిన మొక్కు తప్పద్దు చెల్లె. దేవుడే జూసుకుంటడు." గుడ్డు లేకుండా డబ్బా కడితే, దాన్నే దాచుకుని పొద్దు గూకినాక తింటుందిలే అనుకున్నాను. సాయంత్రం ఆ ఒక్కపూట ఆమె తిన్నా, పట్టేది నాలుగు చెంచాలే కదా అన్న ఆలోచన నాకు తట్టలేదు. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఒక్కపొద్దు విడిచేటప్పుడు కడుపు నిండుతుంది. ఆమెకు ఎక్కడ నిండుతుంది? పైగా ఆ నాలుగు చెంచాలూ, మన వైపు చాలామంది ఒక్కపొద్దుకు చేసుకునే ఉప్పుడుపిండి. అదంతా బియ్యపు రవ్వే. వారంలో మూడు రోజులు ఆమె ఉత్త కడుపుతోనే షెడ్డు నడుపుతోంది. ఆ మాట డాక్టరు గారికి చెప్పాలని ఆమెకు తోచలేదు. ఒక్కపొద్దును ఎవరూ తినకపోవడం కింద లెక్కవేయరు, మన వైపు.

బంద్ అయిన మర్నాడు శుక్రవారం. కరెంటు కోత వేళకు నేనే షెడ్డుకు వెళ్లాను. నర్సవ్వ వద్దన్నా దాచలేదు. పేరు చెప్పకుండా చెబుదామనుకున్నాను. నోరు తెరిచేసరికి నర్సవ్వే కండెల బుట్ట పక్కన పెట్టి లేచి వచ్చి, తిన్నది తానేనని చెప్పేసింది.

భూలక్ష్మి అంతా విని, "అయితె ఏమంటవక్కా? మొక్కు ఇడిసిపెట్టుమంటవా?" అంది. "నువ్వే గద ఉండుమన్నది!"

"నేనే అన్న. తప్పు జేసిన. నీ కాళ్లు మొక్కుత, తిను చెల్లె."

"అంజన్నకు మాటిచ్చిన. బల్ల మీద కండ్లు మూసుకపోతుంటె మాటిచ్చిన. లేపిండు. ఇప్పుడు ఇడిసిపెడితె, మళ్ల ఆ బల్ల మీదికే పండవెడ్తడు నన్ను." ఆమె కళ్లలో నీళ్లు. "తింటె ఆయనకు కోపం. తినకుంటె డాక్టరుకు కోపం. నేనేం జెయ్యాలె?"

ఆగిపోయిన మగ్గాల నడుమ పన్నెండు మంది మనుషులు మమ్మల్నే చూస్తున్నారు.

నర్సవ్వ చేతులకంటిన దూది దులుపుకుని, మోటారు పక్కన గోడకు కొట్టిన దేవుని పటం దగ్గరికి పోయింది. ఊదుబత్తి ముట్టించింది. పక్కింటావిడతో మాట్లాడినట్టు, గట్టిగా దేవుడితో చెప్పింది.

"అంజన్నా, రాజన్నా, సాయిబాబా! గీ పోరి ఒక్కపొద్దులు ఇయ్యాల్టి నుంచి నావి. ఆమె డబ్బ తిన్నది నేను. ఆమె మొక్కు మోసేది నేనే. లెక్క నా మీద రాసుకోండ్రి. ఆమెను తిననియ్యుండ్రి."

ఒకరి మొక్కు ఇంకొకరు తీర్చడం మన దగ్గర కొత్త కాదు. బిడ్డ కోసం తల్లి, తమ్ముడి కోసం అక్క చేస్తారు. కానీ కూలికి వచ్చిన ముసలామె ఆసామి కోసం చేయడం నేను అప్పుడే చూశాను.

"నువ్వెందుకవ్వా?" అంది భూలక్ష్మి. "నువ్వే సగం కడుపు తిని బతుకుతున్నవు."

"గందుకే బిడ్డా. నాకు కడుపు ఎండుడు అలవాటే. మొక్కు లేకుంటనే ఎన్ని పూటలు ఎండలే? గిప్పుడు దేవుని పేరు మీద ఎండుత, పుణ్యమన్న అస్తది!"

మగ్గం మనుషులు నవ్వేశారు. భూలక్ష్మి ఏడుస్తూ నవ్వింది. నేను నవ్వలేకపోయాను. ఒక ఆకలి తీర్చడానికి ఇంకో ఆకలి పెడుతున్నామని గుండె పీకింది. అక్కడికక్కడే చెప్పాను. మూడు రోజులూ పొద్దు గూకినాక నర్సవ్వ ఒక్కపొద్దు మా ఇంట్లోనే విడవాలి. అన్నం, పప్పు, కూర, గడ్డపెరుగు, కడుపు నిండా. "అట్లయితె మొక్కు ఏడాదేంది, ఐదేండ్లన్న ఉంట," అంది ఆ మహాతల్లి.

ఇంకో మాట కూడా చెప్పాను. "భూలక్ష్మీ, రేపటి నుంచి డబ్బా కడగకుండ పంపు. పల్లీలు వద్దు."

"ఎంగిలి డబ్బ నీ ఇంటికి పంపుదునా? దీపం వెట్టుకునే ఇల్లు! నా చేతులు పడిపోవా?"

"నీ ఎంగిలి నాకు కాయితం చెల్లె. అది సదివితెనే నువ్వేం తిన్నవో నాకు తెలుస్తది."

ఆమెకు ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఒప్పుకున్నాక నా వంటే మారిపోయింది. శనగలు సగం మిగిలి వచ్చాయంటే పొట్టు ఇంకా ఉన్నట్టు. పొరటు అంచున గట్టిపడిన ముక్కలు మిగిలితే మంట ఎక్కువైనట్టు. పెసరట్టు పూర్తిగా పోయి పాలముద్ద మిగిలితే ఉప్పు చాలనట్టు. పుట్నాల పెరుగు మాత్రం ఒక్క రోజూ మిగల్లేదు. శనివారాలు కూడా చెంచా గీతలతో సహా ఆ డబ్బా వచ్చేది. దాన్ని తోముతూ ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో.

గడువు దగ్గరికొచ్చింది. డాక్టరు గారికి ముందే చీటీ రాసి, సరిగ్గా తినడం ఈ మధ్యనే మొదలైందని మాత్రం చెప్పాను. ఆయన ఇంకో రెండు వారాలు కలిపి ఇచ్చాడు. పరీక్ష రోజు జగిత్యాలలో, ఆస్పత్రి వరండాలో బెంచీ మీద మేమిద్దరం కూర్చున్నాం. భూలక్ష్మి నా వేలు పట్టుకుని వదల్లేదు. లోపలి నుంచి పిలుపు వచ్చింది. ఆయన కాగితం ఒకసారి చూశాడు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు.

"పెరిగింది," అన్నాడు. "బాగా పెరిగింది. పాదాలు చూపించమ్మా."

వేలు పెట్టి నొక్కాడు. సొట్ట పడలేదు.

"బొంబాయి పోవాల్నా సారూ?"

"తమ్ముడిని చూడాలనుంటే పో. ఆస్పత్రికి మాత్రం అవసరం లేదు."

ఆ మాట విన్నాక ఆమె ఏడవలేదు, నవ్వలేదు. రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఎంతో కాలంగా మోస్తున్న బరువు దించినట్టు పెద్దగా ఊపిరి వదిలింది. నా ఊపిరి కూడా అప్పుడే వదిలాను. డాక్టరు గారు నన్ను అడిగాడు, "ఏం మార్చారమ్మా?" అని. "వంట కొంచెమే మార్చిన సారూ. తినే మనిషిని మార్చినం," అన్నాను. నర్సవ్వ సంగతి చెబితే ఆయన తన చీటీల మీద కొత్త ప్రశ్న ఒకటి రాసుకున్నాడు. "వారంలో ఉపవాసాలు ఏయే రోజులు?"

వానాకాలం వచ్చేసరికి భూలక్ష్మి రెండు మగ్గాల నడుమ సందులోకి తిన్నగా నడిచి వెళ్లింది. లోపలి వరుసలో గుడ్డ పట్టి చూసి, పోగు తెగిన చోట వేలు పెట్టి, "గిదేంది?" అంది. మగ్గం మనిషి తల గోక్కుంటూ, "ఇగ మనకు దాసుకునే జాగ లేదు రా," అన్నాడు పక్కవాడితో. షెడ్డంతా ఒకటే నవ్వు.

ఆ తర్వాత ఇరవై ఏళ్లలో ఇట్లాంటి ఆపరేషన్ అయినవాళ్లు నా దగ్గరికి ఇంకా చాలామంది వచ్చారు. కోరుట్ల టీచరమ్మ, ఎల్లారెడ్డిపేట నుంచి బ్యాంకులో పనిచేసే అబ్బాయి. ఎవరు వచ్చినా నేను ముందు అడిగేది ఏం తింటారని కాదు, ఏ రోజు తినరని. రెండోది, డబ్బా కడగకుండా పంపమని. కొందరు నొచ్చుకుంటారు. నొచ్చుకోనీ. ఎంగిలి కంటే మర్యాదే ప్రమాదమైన సందర్భాలు ఉంటాయని నాకు ఒక షెడ్డులో తెలిసింది. దేవుడు చూసుకుంటాడని చెప్పి నేను కళ్లు తిప్పుకోకూడదనీ అక్కడే తెలిసింది. ఆయన చూసుకునేది మన కళ్లతోనే.

పరీక్ష బాగా వచ్చిన రోజు సాయంత్రమే భూలక్ష్మి మొక్కు వెనక్కి తీసుకుంటానని వచ్చింది. నర్సవ్వ ఒప్పుకోలేదు. "ఏడాదని జెప్పింది నువ్వు, రాయించుకున్నది నేను. నడుమల ఇడువ," అంది. ఏడాది నిండా ఉంది. ఒక్క సోమవారం తప్పలేదు. జ్వరం వచ్చినప్పుడు కూడా గోడ పట్టుకుని మా ఇంటికి వచ్చి, పొద్దు గూకిందో లేదో ఆకాశం చూసి, అప్పుడు ముద్ద నోట్లో పెట్టుకునేది. మొదటి ముద్ద ఎత్తేటప్పుడు ప్రతిసారీ ఒకే మాట అడిగేది: "పోరి పొద్దుగాల తిన్నదా?" నేను తిన్నదని చెప్పాకే మింగేది.

తర్వాత నాలుగేళ్లకు, కొడుకు దగ్గర భివండిలో పోయిందామె. ఏ పటం లేదు, ఏ కాగితం మీదా పేరు లేదు. అందుకే ఇది రాశాను. చదివిన మీలో ఎవరైనా సోమవారమో శనివారమో ఒక్కపొద్దు ఉంటే, సాయంత్రం మొదటి ముద్ద ఎత్తేటప్పుడు సిరిసిల్లలో కండెలు చుట్టిన నర్సవ్వను ఒక్కసారి యాది చేసుకోండి.